చిన్న కాలేజీలో సీఎస్ఈ చదువుతూ రీసెర్చ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, సందేహాలు మాత్రం అవే వస్తాయి. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర, ల్యాబ్ అయిపోయాక, రాత్రిపూట వాట్సాప్‌లో విద్యార్థులు అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లోని అఫిలియేటెడ్ ఇంజినీరింగ్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్స్ చదివేవాళ్లని దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది.

## మొదలుపెట్టకముందు

మా కాలేజీలో రీసెర్చ్ వాతావరణమే లేదు సార్. మాలాంటివాళ్లకి అయ్యే పనేనా?

అవుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో చాలా ప్రశ్నలకి కావలసినవి ఒక మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, వారానికి ఆరేడు గంటల సమయం, తప్పొప్పులు చెప్పే ఒక టీచరు. టీచరు దొరకడం చిన్న కాలేజీలోనే తేలిక. పెద్ద సంస్థల్లో బీటెక్ విద్యార్థికి ప్రొఫెసర్ సమయం దొరకాలంటే ముందు పీహెచ్‌డీ స్కాలర్లని దాటాలి. మన దగ్గర సార్ మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, మీరు ఏ ఊరి నుంచి వస్తారో కూడా ఆయనకి తెలుసు.

లేనివాటి గురించి కూడా చెప్పాలి. పక్కన కూర్చుని దారి చూపే సీనియర్లు ఉండరు. పెద్ద మోడళ్లని మొదటి నుంచి ట్రెయిన్ చేసే యంత్రాలు ఉండవు. కాబట్టి ఆ రెండూ అక్కర్లేని ప్రశ్నలే ఎంచుకోవాలి. అలాంటివి బోలెడు ఉన్నాయి.

రీసెర్చ్ అంటే మేజర్ ప్రాజెక్టు లాంటిదే కదా?

కాదు. ప్రాజెక్టులో ఒకటి తయారుచేసి అది పనిచేస్తోందని చూపిస్తారు. రీసెర్చ్‌లో ముందుగా జవాబు తెలియని ఒక ప్రశ్న ఉంటుంది. ఆ జవాబు కోసం కొలుస్తారు, పోలుస్తారు, ఇంకొకరు అదే పని చేసినా అదే ఫలితం వచ్చేలా రాసిపెడతారు.

ఫేస్ రికగ్నిషన్‌తో అటెండెన్స్ తీసే యాప్ చేస్తే అది ప్రాజెక్టు. మధ్యాహ్నం కిటికీ వెలుతురు పడినప్పుడు, వెనక బెంచీల వాళ్ల విషయంలో ఆ యాప్ ఎంత తప్పుతోంది, తప్పులకి దూరం కారణమా, వెలుతురా అని లెక్క తేలిస్తే అది రీసెర్చ్. చూశారుగా, ఒకే మేజర్ ప్రాజెక్టుని అటూ ఇటూ నడిపించవచ్చు. సిలబస్‌లో ఇచ్చిన ప్రాజెక్టు క్రెడిట్లనే దీనికి వాడుకోండి, అదనంగా సమయం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అమీర్‌పేటలో కోడు, డాక్యుమెంటు, పీపీటీ అన్నీ కలిపి కొనుక్కొచ్చే ప్రాజెక్టులు మాత్రం ఈ రెండింటిలో ఏదీ కావు. అందులో మీరు కొలిచింది ఏమీ ఉండదు, నేర్చుకున్నది అంతకన్నా ఉండదు.

ఏ ఇయర్‌లో మొదలుపెడితే మంచిది?

సెకండ్ ఇయర్ రెండో సెమిస్టర్ అన్నిటికన్నా అనువైన సమయం. డేటా స్ట్రక్చర్స్ అయిపోయి ఉంటుంది, ప్లేస్‌మెంట్ టెన్షన్ ఇంకా మొదలై ఉండదు, చేతిలో రెండు వేసవులు ఉంటాయి. ఫస్ట్ ఇయర్ వాళ్లు పైథాన్, గిట్, లినక్స్ కమాండ్లు అలవాటు చేసుకుని, ప్రాబబిలిటీ గట్టి చేసుకుంటే చాలు. ఫైనల్ ఇయర్‌లో ఉన్నా మించిపోయింది లేదు. కాకపోతే నాలుగు నెలల్లో తేలే చిన్న ప్రశ్న తీసుకోండి.

సీజీపీఏ 7 లోపే ఉంది, ఒక బ్యాక్‌లాగ్ కూడా ఉంది. నన్ను ఎవరు తీసుకుంటారు?

కాలేజీ లోపల పని చేయడానికి అది అడ్డం కాదు. ఒక గైడ్ చూసేది వారంవారం చెప్పిన పని చేసుకొస్తున్నారా లేదా అన్నదే. బయటి ఫెలోషిప్‌లు, ఐఐటీ వేసవి ఇంటర్న్‌షిప్‌లు మాత్రం మార్కులు చూస్తాయి, అక్కడ బ్యాక్‌లాగ్ ఇబ్బంది పెడుతుంది. అది క్లియర్ చేయడం మీ మొదటి పని. సప్లీ పరీక్షలు దగ్గరపడితే రీసెర్చ్ రెండు వారాలు ఆపినా ఏమీ కాదు, గైడ్‌కి ముందే చెప్పండి.

ఇవన్నీ చేస్తే ప్లేస్‌మెంట్ దెబ్బతింటుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు. ఏం చెప్పాలి?

వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఫీజు కట్టడానికి అప్పు చేసిన ఇంట్లో ఉద్యోగం గురించి అడగకుండా ఎలా ఉంటారు? వారానికి ఆరేడు గంటలే కేటాయిస్తున్నానని, సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్ శిక్షణ) క్లాసులు మానడం లేదని చెప్పండి, అలాగే చేయండి. థర్డ్ ఇయర్ చివర్లో కంపెనీలు రావడం మొదలైతే కోడింగ్ ప్రాక్టీసుకే మొదటి చోటు.

ఇంటర్వ్యూలో 'మీ ప్రాజెక్టు గురించి చెప్పండి' అన్నప్పుడు చాలామంది రెండో ప్రశ్నకే తడబడతారు. సొంతంగా ఆరు నెలలు ఒక సమస్యతో గడిపినవాళ్లకి ఎంత లోతుగా అడిగినా చెప్పడానికి ఉంటుంది. అలాగని రీసెర్చ్ చేస్తే ఉద్యోగం ఖాయం అని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు పేపర్లు అర్థమవుతాయా?

మొదటి పేపరుకి వారం పడుతుంది. పదో పేపరుకి ఒక పూట చాలు. పేపర్లలో ఇంగ్లీషు కథల పుస్తకాల్లో ఉండేంత కష్టంగా ఉండదు. అవే రెండు మూడొందల మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. చదివింది తెలుగులో మీ స్నేహితుడికి వివరించి చూడండి, ఎక్కడ ఆగిపోతే అక్కడ అర్థం కాలేదన్నమాట. నోట్సు తెలుగులో రాసుకోండి, ఎవరూ తప్పుపట్టరు. చివర్లో రాయాల్సింది ఇంగ్లీషులోనే కాబట్టి, ఆరో వారం నుంచి ప్రతివారం చేసిన పని మీద ఒక పేరా ఇంగ్లీషులో రాసే అలవాటు చేసుకోండి.

బీటెక్ కాదు, బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. నాకు దారి ఉందా?

ఉంది, అదీ ఇప్పుడు పాతరోజుల కన్నా స్పష్టంగా ఉంది. యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన కరిక్యులమ్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 'ఆనర్స్ విత్ రీసెర్చ్' అనేది ఒకటుంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినవాళ్లు నాలుగో ఏడాదిలో దాన్ని ఎంచుకోవచ్చు. అందులో 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టు ఉంటుంది. మీ కాలేజీలో అది నడుస్తోందో లేదో ప్రిన్సిపాల్ ఆఫీసులో ముందే కనుక్కోండి. అన్ని కాలేజీలూ నాలుగో ఏడాది నడపవు.

## గైడ్, టాపిక్

ఏ సార్‌ని అడగాలి, ఎలా అడగాలి?

'టాపిక్ ఇవ్వండి సార్' అని వెళ్లకండి. ఆ సార్ పేరు గూగుల్ స్కాలర్‌లో వెతికి, ఆయన రాసిన ఒక పేపరైనా చదివి వెళ్లండి. 'ఇందులో ఈ భాగం అర్థమైంది, ఈ భాగం కాలేదు, ఇలాంటి పనిలో నేను వారానికి ఆరు గంటలు సాయం చేయగలను' అనండి. మన కాలేజీల్లో చాలామంది అసిస్టెంట్ ప్రొఫెసర్లు పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తూ ఉంటారు. వాళ్లకి డేటా సేకరణలో, ప్రయోగాలు మళ్లీ నడిపి చూడడంలో నిజంగానే మనిషి అవసరం. క్లాసుల ఒత్తిడి తక్కువగా ఉండే రోజు చూసి వెళ్లండి, మిడ్స్ పేపర్లు దిద్దే వారంలో వద్దు. ఒకరు కుదరదంటే బాధపడకుండా ఇంకొకరిని అడగండి.

నాకు నచ్చిన టాపిక్ మా కాలేజీలో ఎవరికీ తెలియదు. గైడ్ ఉండి ఏం లాభం?

టాపిక్ తెలియకపోయినా గైడ్ చేయగల పనులు చాలా ఉన్నాయి. ప్రశ్న స్పష్టంగా ఉందా, పోలిక న్యాయంగా ఉందా, చెప్పినదానికి ఆధారం ఉందా అని అడగడానికి ఆ సబ్జెక్టులో నిపుణులే కానక్కర్లేదు. వారానికి అరగంట కూర్చుని ఈ మూడూ అడిగే టీచరు దొరికితే వదులుకోకండి. సబ్జెక్టు తెలిసిన మనిషి కావాలనుకుంటే మీ ఫలితాలు కొన్ని వచ్చాక బయటివాళ్లకి రాయండి. చేతిలో పని ఉన్నవాళ్లకి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

టాపిక్ ఎక్కడ దొరుకుతుంది? ఏది చూసినా ఎవరో ఒకరు చేసేసినట్టే ఉంది.

అందరూ వెతికే చోట వెతికితే అలాగే ఉంటుంది. మీ చుట్టూ ఉండి, హైదరాబాదు, బెంగళూరు ల్యాబుల వాళ్లకి అందనిదేమిటో చూడండి. మూడు దిక్కులు చెప్తాను.

మొదటిది మన భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8 కోట్ల మందికి పైగా తెలుగు మాతృభాష. అయినా కంప్యూటర్‌కి తెలుగు ఇంకా పరాయిదే. ఒక చిన్న లెక్క చేసి చూడండి. 'తెలుగు' అన్న మాటలో మూడు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో అవి ఆరు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. అదే మాటని రోమన్ లిపిలో రాస్తే ఆరు బైట్లు. ఇప్పుడు నాలుగైదు ఉచిత లాంగ్వేజ్ మోడళ్ల టోకెనైజర్లు (వాక్యాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే భాగాలు) తీసుకుని ఒకే పేరాని తెలుగు లిపిలో, మనం వాట్సాప్‌లో కొట్టే రోమన్ తెలుగులో, ఇంగ్లీషులో ఇచ్చి ఎన్నెన్ని ముక్కలు చేస్తున్నాయో లెక్కపెట్టండి. 'వెళ్లిపోయాడనుకున్నాను' లాంటి పొడవాటి మాటలకి ఏమవుతోందో విడిగా చూడండి. శ్రీకాకుళం, రాయలసీమ, కరీంనగర్ మాటల్ని స్పీచ్ రికగ్నిషన్ ఎంత బాగా పట్టుకుంటోందో కొలవండి. మీ క్లాసులోనే అన్ని జిల్లాల గొంతులూ ఉంటాయి. పోల్చడానికి మొజిల్లా కామన్ వాయిస్‌లో, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ విడుదల చేసిన డేటాలో తెలుగు ఉచితంగా దొరుకుతుంది. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ ఎల్‌టీఆర్‌సీ ల్యాబు భారతీయ భాషల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది, వాళ్ల పేపర్లు చదివితే ఏం మిగిలి ఉందో తెలుస్తుంది.

రెండోది మీ క్లాస్‌రూమే. ఫస్ట్ ఇయర్ వాళ్లు సీ ల్యాబులో ఏ ఎర్రర్ మెసేజ్ దగ్గర ఎక్కువసేపు ఆగిపోతున్నారు? ఆ మెసేజ్‌ని తెలుగులో వివరిస్తే తేడా వస్తుందా? కంప్యూటింగ్ విద్య మీద రీసెర్చ్ చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల గురించి చెప్పగలిగింది మీరు.

మూడోది మీ ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో చదివేవాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంటుంది. దాన్ని సంతకాల కోసం ముగించకుండా, రైతులు వాతావరణ యాప్ నోటిఫికేషన్‌ని చదివి ఏం చేస్తున్నారు, పింఛను తీసుకునే పెద్దవాళ్లకి వేలిముద్ర ఎన్నిసార్లు పడటం లేదు లాంటి ప్రశ్నకి జాగ్రత్తగా డేటా సేకరించండి.

అందరూ మెషీన్ లెర్నింగే చేస్తున్నారు. అది తప్ప వేరే ఏమీ లేదా?

చాలా ఉంది. కాలేజీ వైఫై ఏ సమయంలో ఎంత నెమ్మదిస్తోంది, ఎందుకు అని నెట్‌వర్క్స్ వాళ్లు కొలవవచ్చు. పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల గిట్ చరిత్ర మొత్తం బహిరంగంగానే ఉంటుంది, అది సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ వాళ్లకి తరగని గని. ప్రభుత్వ వెబ్‌సైట్ల తెలుగు పేజీలు స్క్రీన్ రీడర్‌తో చదవడానికి వీలుగా ఉన్నాయా అని చూడవచ్చు. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఆల్గోరిథమ్స్, గ్రాఫ్ థియరీ వైపు వెళ్తే కాగితం, పెన్ను చాలు.

## పని నడుస్తున్నప్పుడు

ఒక రీసెర్చ్ పేపరుని ఎలా చదవాలి?

మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదవకండి. తొలిసారి శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, బొమ్మలు, పట్టికలు, ముగింపు మాత్రం చూడండి. పావుగంట చాలు. పనికొచ్చేదే అనిపిస్తే రెండోసారి ఫార్ములాల దగ్గర ఆగకుండా మొత్తం చదివి, వాళ్లు అడిగిన ప్రశ్నేమిటి, దేనితో పోల్చారు, ఎంత తేడా వచ్చింది అని మూడు వాక్యాల్లో రాసుకోండి. మీ పనికి పునాది అయ్యే రెండు మూడు పేపర్లని మాత్రమే మూడోసారి ప్రతి వరసా అర్థమయ్యేదాకా చదవాలి. వీలైతే వాళ్ల కోడ్ నడిపి, వాళ్ల ఫలితమే మీకూ వస్తోందో లేదో చూడండి. ఒక్కోసారి రాదు. అప్పుడు దొరికేదే మీ ప్రశ్న.

పేపరు తెరవబోతే డబ్బు కట్టమంటోంది. ఏం చేయాలి?

ముందు అదే శీర్షికని గూగుల్ స్కాలర్‌లో వెతికి 'ఆల్ వెర్షన్స్' నొక్కండి, చాలాసార్లు ఉచిత ప్రతి దొరుకుతుంది. పేపర్లు ముందుగా పెట్టే ఆర్కైవ్ (arXiv) సైటులో ఉన్నవన్నీ ఉచితం. భాషకి సంబంధించిన పేపర్లు ఏసీఎల్ ఆంథాలజీలో ఉచితం. మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగలో ఉంటాయి. ప్రభుత్వ కాలేజీలో చదువుతుంటే 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి లైబ్రేరియన్‌ని అడగండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకి దాదాపు 13,000 జర్నళ్లు దాని ద్వారా అందుతాయి. ప్రైవేటు కాలేజీలు తొలి దశలో లేవు. ఏదీ కుదరకపోతే రచయితకే మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. తన పేపరు ఎవరో చదువుతున్నారంటే సంతోషంగా పంపేవాళ్లు ఉన్నారు.

మా ల్యాబులో జీపీయూ లేదు. ఎలా?

గూగుల్ కోల్యాబ్ ఉచితంగా కొంత ఇస్తుంది. కాగిల్‌లో ఫోన్ నంబరు వెరిఫై చేసుకుంటే వారానికి సుమారు 30 గంటలు జీపీయూ దొరుకుతుంది. మధ్యలో కనెక్షన్ తెగిపోతుంది కాబట్టి ప్రతి ఎపాక్ (ట్రెయినింగ్ డేటా మొత్తాన్ని ఒకసారి చూడడం) తర్వాత మోడల్ సేవ్ అయ్యేలా రాసుకోండి. ముందు డేటాలో పదో వంతుతో నడిపి, కోడు సరిగా ఉందని తేలాకే మొత్తం నడపండి. అసలు డీప్ లెర్నింగ్ అక్కర్లేకుండా లాజిస్టిక్ రిగ్రెషన్‌తోనే దగ్గరి ఫలితం వస్తుందేమో ముందు చూడండి. వస్తే ఆ సంగతి కూడా రాయదగ్గదే.

98 శాతం యాక్యురసీ వచ్చింది సార్! ఇక పేపరు రాసేయొచ్చా?

ఇంకా వద్దు. మన కాలేజీల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను.

ప్రతి బ్యాచ్‌లోనూ ఆకుల తెగుళ్లు గుర్తించే ప్రాజెక్టు ఒకటైనా ఉంటుంది. దాదాపు అందరూ వాడేది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్. 14 పంటలు, 54,306 బొమ్మలు. ఆకుని కోసి, ఒకే రకమైన నేపథ్యం మీద పెట్టి తీసిన ఫొటోలవి. 2016లో ఆ డేటా మీద వచ్చిన పేపరులో యాక్యురసీ 99.35 శాతం. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే అదే మోడల్ 31 శాతం దగ్గరికి పడిపోయిందని ఆ రచయితలే అదే పేపరులో నిజాయితీగా రాశారు. మన వాళ్లు ఆ మొదటి అంకెని దాటడానికి ఏళ్ల తరబడి ప్రయత్నిస్తున్నారు. పనికొచ్చేది రెండో అంకె. మీ దగ్గర్లోని టమాటా చేలోకి వెళ్లి, ఎండలో, గాలికి ఊగే ఆకుల్ని మామూలు ఫోన్‌తో మూడొందల ఫొటోలు తీసి, వ్యవసాయ అధికారితో పేర్లు పెట్టించి, ఆ మోడల్‌ని వాటి మీద పరీక్షించండి. 45 శాతమే వచ్చినా అది ఇంతకుముందు ఎవరికీ తెలియని సంగతి.

మీ అంకెని నమ్మేముందు ఇవి చూసుకోండి. ఒకే ఆకు ఫొటో, లేదా దాన్నే తిప్పిన కాపీ, ట్రెయినింగ్‌లోనూ టెస్టులోనూ ఉందా? డేటాని విడగొట్టకముందే నార్మలైజేషన్, ఫీచర్ సెలక్షన్ చేశారా? నూటికి 95 బొమ్మలు ఒకే రకానివైతే ఏమీ నేర్చుకోని మోడల్‌కి కూడా 95 శాతం వస్తుంది, అది గమనించారా? రాండమ్ సీడ్ మార్చి ఐదుసార్లు నడిపితే అంకె ఎంత ఊగుతోంది? ఈ నాలుగింటికీ జవాబు రాసిపెట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి.

ఆరు నెలలు చేశాం, అనుకున్న ఫలితం రాలేదు. అంతా వృథానా?

ప్రశ్న సరైనదై, కొలత జాగ్రత్తగా చేసి ఉంటే వృథా కాదు. 'ఈ పద్ధతి తెలుగు డేటా మీద పనిచేయలేదు, కారణం ఇది అయి ఉండవచ్చు' అని ఆధారంతో చెప్పడం కూడా ఫలితమే. అంకెల్ని మాత్రం దిద్దకండి. నచ్చని ప్రయోగాన్ని దాచి నచ్చినదాన్నే చూపించడం కూడా దిద్దడమే. రోజూ ఏం నడిపారు, ఏం వచ్చింది అని తేదీతో నోటుబుక్కులో రాసుకుంటే ఇలాంటి సమయంలో అదే మిమ్మల్ని కాపాడుతుంది.

చాట్‌జీపీటీ వాడొచ్చా?

అర్థం కాని భాగాన్ని వివరించమనడానికి, కోడులో తప్పు వెతకడానికి, మీరు రాసిన ఇంగ్లీషు సరిచూసుకోవడానికి వాడుకోండి. రిఫరెన్సులు మాత్రం అడగకండి, లేని పేపర్లని ఉన్నట్టు రాస్తుంది. మీరు తెరిచి చదవని పేపరు ఏదీ మీ జాబితాలో ఉండకూడదు. చాట్‌జీపీటీని రచయితగా పెట్టడం ఏసీఎం (కంప్యూటింగ్ రంగంవాళ్ల అంతర్జాతీయ సంఘం) లాంటి సంస్థల నిబంధనలకి విరుద్ధం. ఎక్కడ వాడారో చెప్పమని అడిగే చోట దాచకుండా చెప్పండి. వైవాలో ఒక్క వాక్యం వివరించలేకపోయినా ఆ వాక్యం మీది కాదు.

ఫ్రెండ్స్ నుంచి, ఊళ్లోవాళ్ల నుంచి డేటా తీసుకోవాలి. పర్మిషన్ కావాలా?

కావాలి. ఏం సేకరిస్తున్నారు, దేనికి, ఎవరు చూస్తారు అని తెలుగులో అర పేజీ రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటేనే తీసుకోండి. ఎప్పుడైనా మానేసే హక్కు వాళ్లకుందని చెప్పండి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు డేటాలో ఉండకూడదు. జూనియర్ల మార్కులు కావాలంటే హెచ్‌ఓడీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఎథిక్స్ కమిటీ లేని కాలేజీలో కూడా ఈ కాగితాలు ఫైల్ చేసి ఉంచండి, మంచి కాన్ఫరెన్సులు అడుగుతాయి.

టీమ్‌లో నలుగురం ఉన్నాం, పని నేనొక్కడినే చేస్తున్నాను. ఎవరికి చెప్పాలి?

ముందు వాళ్లకే చెప్పండి, అదీ వారం మొదట్లో. ఎవరి పని ఏమిటో, ఏ తేదీకో ఒక షీట్‌లో రాసి గైడ్‌కి కూడా కనిపించేలా ఉంచితే సగం గొడవ తీరుతుంది. అప్పటికీ మారకపోతే గైడ్‌తో మాట్లాడండి. రీసెర్చ్‌కి ఇద్దరు చాలు. నలుగురి టీమ్ అనేది మేజర్ ప్రాజెక్టు రూల్ మాత్రమే.

## బయటి అవకాశాలు

వేసవిలో పెద్ద సంస్థల్లో చేయాలంటే ఎక్కడ అప్లై చేయాలి?

అందరికీ చెప్పే మొదటి పేరు మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్ అకాడమీలవి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తారు, స్టైపెండ్ ఇస్తారు. విద్యార్థులే కాదు, టీచర్లు కూడా అప్లై చేయవచ్చు, ఈ మాట మీ సార్‌కీ చెప్పండి. దరఖాస్తులు సాధారణంగా దసరా, దీపావళి రోజుల్లో తీసుకుంటారు కాబట్టి వేసవి దగ్గరపడ్డాక వెతికితే దొరకదు.

ఐఐటీ హైదరాబాద్‌లో 'ష్యూర్', ఐఐటీ గాంధీనగర్‌లో 'ఎస్ఆర్ఐపీ', ఐఐటీ కాన్పూర్‌లో 'సర్జ్', ఐఐటీ మద్రాసులో సమ్మర్ ఫెలోషిప్ ఉన్నాయి. వీటి ప్రకటనలు ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య వస్తాయి. ఏసీఎం ఇండియా సమ్మర్ స్కూళ్లు రీసెర్చ్ కాకపోయినా ఒక అంశాన్ని లోతుగా నేర్పుతాయి, అక్కడ కలిసే స్నేహితులు తర్వాత చాలా పనికొస్తారు. ఏది వచ్చినా సెమిస్టర్ పరీక్షలతో తేదీలు గుద్దుకుంటాయేమో చూసుకుని, కాలేజీ నుంచి ఎన్ఓసీ ముందే తీసుకోండి.

ప్రొఫెసర్లకి యాభై మెయిళ్లు పెట్టాను, ఒక్క జవాబూ రాలేదు. ఎందుకు?

యాభై మందికీ ఒకే మెయిల్ వెళ్లి ఉంటుంది. 'రెస్పెక్టెడ్ సార్, మీ గొప్ప ల్యాబులో చేరాలని నా కోరిక' అనే మెయిళ్లు వాళ్లకి రోజూ వస్తాయి. ఐదుగురినే ఎంచుకోండి. ఒక్కొక్కరి పేపరు చదివి, అందులో మీరు ప్రయత్నించి చూసిన ఒక విషయం, వచ్చిన ఫలితం, మిగిలిన సందేహం, ఇంతే రాయండి. పది వరసలు దాటకూడదు. గిట్‌హబ్ లింకు, ఒక పేజీ రెజ్యూమె చాలు. రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయవచ్చు. ఆపైన వదిలేయండి.

విదేశాల్లో బీటెక్‌లోనే రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ 12 వారాల ఇంటర్న్‌షిప్, మన దేశ విద్యార్థులకి అందులో అవకాశం ఉంది. మంచి మార్కులు కావాలి, దరఖాస్తు వెళ్లే ఏడాదికి ముందే చేయాలి. జర్మనీకి డాడ్ (DAAD, అక్కడి విద్యా మార్పిడి సంస్థ) వారి 'వైజ్' ఉంది. దానికి అక్కడి ప్రొఫెసర్ ఆహ్వానం ముందే సంపాదించాలి, మీ కాలేజీ అర్హత కూడా ప్రకటనలో చూసుకోవాలి. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్) డబ్బుతో నడిచే ఆర్ఈయూ అనే రీసెర్చ్ కార్యక్రమాలు అక్కడి పౌరులకి, శాశ్వత నివాసులకి మాత్రమే. అక్కడ పుట్టిపెరిగిన మీ కజిన్ చేసిందని మీకూ వస్తుందని ఆశపడకండి.

ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ఐదు వేలు కట్టండి అంటున్నారు. చేరొచ్చా?

వద్దు. నిజమైన రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ వాళ్లే ఇస్తారు, లేదా ఉచితంగా నేర్పుతారు. నామమాత్రపు దరఖాస్తు రుసుము ఉంటే అది వేరు. సర్టిఫికెట్ కోసం డబ్బు తీసుకునేవాళ్ల కాగితం మీ సమయాన్నీ, మీ నాన్న డబ్బునీ తినేస్తుంది. సిలబస్‌లో ఉన్న తప్పనిసరి ఇంటర్న్‌షిప్ గడువు దగ్గరపడిందని కంగారుపడి ఇలాంటివాటిలో చేరుతున్నారు. మీ కాలేజీలోనే ఒక టీచర్ కింద చేసే పనిని ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకుంటారేమో హెచ్‌ఓడీని అడిగి చూడండి.

## పేపరు, ఆ తర్వాత

వారంలో పబ్లిష్ చేస్తామని ఒక జర్నల్ వాళ్లు మెయిల్ చేశారు. పంపించమంటారా?

పంపకండి. పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని వేరేవాళ్లు పేపరుని పరిశీలించడం, వారంలో అవదు. 'స్కోపస్' (పేరున్న జర్నళ్ల డేటాబేసు) అని వాళ్ల పేజీలో రాసుకున్నా నమ్మకండి, స్కోపస్ సొంత జాబితాలో వెతకండి. ఒకప్పుడు నమ్మదగిన జర్నళ్ల కోసం యూజీసీ-కేర్ జాబితా చూసుకునేవాళ్లం, 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని నిలిపివేసింది. ఇప్పుడు మనమే చూసుకోవాలి. ఎడిటర్లు నిజంగా ఉన్నారా, పోయిన సంచికలో పేపర్లు చదవదగ్గవిగా ఉన్నాయా, మీ గైడ్ ఆ జర్నల్‌ని ఎప్పుడైనా చదివారా? ఇలాంటిచోట వచ్చిన పేపరుని తర్వాత వెనక్కి తీసుకోలేరు, మీ పేరుతో అలా ఉండిపోతుంది.

మరి మంచిచోట ఎక్కడ పంపాలి?

పెద్ద కాన్ఫరెన్సులకి అనుబంధంగా జరిగే వర్క్‌షాపులు, స్టూడెంట్ రీసెర్చ్ వర్క్‌షాపులు మొదటి పేపరుకి సరైన చోటు. భాష మీద పనిచేస్తే మన దేశంలో ఏటా జరిగే ఐకాన్ (ICON) కాన్ఫరెన్సు ఉంది. కంప్యూటింగ్ విద్య మీదైతే ఏసీఎం ఇండియా కంప్యూట్ ఉంది. రిజెక్ట్ అయినా రివ్యూలు వస్తాయి, ఆ రెండు పేజీల వ్యాఖ్యలు ఏ క్లాసులోనూ దొరకవు. ఆర్కైవ్‌లో పెట్టాలంటే కొత్తవాళ్లకి ఎండార్స్‌మెంట్ (అక్కడ ఇప్పటికే పేపర్లు పెట్టినవాళ్ల సిఫారసు) కావాలి. ఉత్త సర్వే పేపరుని 2025 చివరి నుంచి అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగంలో పీర్ రివ్యూ అయ్యాకే తీసుకుంటున్నారు.

రచయితల్లో ఎవరి పేరు ముందు? పని చేయని వాళ్ల పేరు కూడా పెట్టమంటున్నారు.

పని ఎక్కువ చేసినవాళ్ల పేరు ముందు, గైడ్ పేరు చివర ఉండడం మన రంగంలో చాలాచోట్ల వాడుక. ఈ మాట పని మొదలైన నెలలోనే అడగండి, అప్పుడైతే ఎవరికీ నొప్పి ఉండదు. చేయనివాళ్ల పేరు పెట్టడం తప్పు, పెద్దవాళ్లకైనా సరే. ఎదురు చెప్పలేని పరిస్థితి మీకుంటుందని నాకు తెలుసు. ఎవరెవరు ఏం చేశారో వివరంగా రాయమని చాలా జర్నళ్లు అడుగుతాయి, ఆ ఫారం చూపించి 'ఇక్కడ ఏం రాయమంటారు సార్' అని మర్యాదగా అడగవచ్చు.

ప్లేజరిజం 10 శాతం లోపు ఉంటే చాలు కదా?

యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకి శిక్ష లేదన్న మాట నిజమే. అది సాఫ్ట్‌వేర్ చూపే అంకె మాత్రమే. మాటలు మార్చి, ఆలోచన ఎత్తుకుని, ఎవరిదో చెప్పకపోతే సున్నా శాతం చూపించినా అది దొంగతనమే.

పేపరు రాకపోతే ఎంఎస్‌కి, పీహెచ్‌డీకి పనికిరాదా?

పనికొస్తుంది. డబ్బు కట్టి వేయించుకున్న మూడు పేపర్ల కన్నా, మీ పనిని దగ్గరుండి చూసిన టీచరు వివరంగా రాసిన ఒక రికమండేషన్ లెటరే బలమైనది. లెటరు కన్సల్టెన్సీ వాళ్ల చేత రాయించకండి, అందరికీ ఒకే లెటరు వెళ్తుంది. పీహెచ్‌డీ విషయానికొస్తే, యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవాళ్లు నేరుగా అర్హులు. అర్హత వేరు, సీటు వేరు. ఇంటర్వ్యూలో వాళ్లు గంటసేపు అడిగేది మీరు చేసిన పని గురించే.

మేం పాసై వెళ్లిపోయాక ఈ పని ఏమవుతుంది?

మీరు అప్పజెప్పి వెళ్తే కొనసాగుతుంది. చిన్న కాలేజీకి ఉన్న పెద్ద లోటు ఇదే, ప్రతి బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కోడు, అనుమతి కాగితాలతో సహా డేటా, ఎలా నడపాలో చెప్పే రెండు పేజీలు, పనిచేయని ప్రయత్నాల జాబితా, ఇవన్నీ డిపార్ట్‌మెంట్ అకౌంట్‌లో పెట్టండి, మీ సొంత జీమెయిల్‌లో కాదు. ఆఖరి సెమిస్టర్‌లో ఇద్దరు సెకండ్ ఇయర్ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, మీరు చెప్పకుండా వాళ్ల చేతే ఒకసారి మొత్తం నడిపించండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఇంకో పేరా రాసి వెళ్లండి.